బొరుగుల పొట్లం మీద నాలుగక్షరాలు

మొన్నటి వానకు నంద్యాలలో మా గోదాములోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. నీళ్లు తోడించిన తర్వాత స్టూలు వేసుకుని కూర్చుని, పోయినవాటిని ఒక కాగితం మీద వరసగా రాశాను. కోయని అట్టలు ఆరు వందల నలభై. మడత గీతలు పడిన మిఠాయి పెట్టెలు రెండు వేల మూడు వందలు. బంక డబ్బాలు నాలుగు. ఒక్కో అట్టలో ఏ కొలత పెట్టెలు ఎన్ని పడతాయో ఏళ్ల తరబడి వేసుకుంటూ వచ్చిన పట్టీల పుస్తకాలు పదకొండు. ఇంతవరకు చెయ్యి ఆగకుండా రాసింది. ఆ తర్వాత రేకుపెట్టె ఒకటి, అందులో కాగితాలు ముప్ఫై ఒకటి. ఇరవై ఎనిమిది గంజిలా అయిపోయాయి. మూడు మిగిలాయి. ఆ మూడింటినీ గోదాము ముందు తాడు మీద ఆరేశాను. మూడింటి మీదా ఉన్నది ఒకటే మాట, బొరుగులు. నాలుగక్షరాలు. మొదటి రెండూ దగ్గరగా ఉంటాయి, మూడోది కాస్త వెనకబడుతుంది, నాలుగోది కాగితం అంచు దాకా వెళ్లి అక్కడ తల వంచుకుని నిలబడుతుంది. రోడ్డు మీద పోతున్న ఒక ముసలామె వాటిని చూసి ఆగి, "ఎవురన్నా పోయినారా అప్పా?" అని అడిగింది. లేదమ్మా, వాన నీళ్లకు తడిసినాయి అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

ఆ కాగితాలు మా చెల్లెలు పద్మవి. అప్పుడు మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మాది బొరుగుల అంగడి. ముందు అంగడి, వెనక బట్టి, బట్టి వెనక మేము. అమ్మ మా చిన్నప్పుడే పోతే జేజి, అంటే మా నాయన తల్లి, మమ్మల్ని పెంచింది. మా ఇంట్లో పొద్దు వాసనతో తెలిసేది. ఉప్పునీళ్లు పట్టించి ఆరబోసిన బియ్యం వాసన వస్తే ఇంకా తెల్లవారలేదని, కాగిన ఇసుక వాసన వస్తే నాయన బట్టి ముందు కూర్చున్నాడని, తిరగమోత వాసన వస్తే జేజి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తోందని. వేడి ఇసుకలో పడ్డ బియ్యం చిటపటమని ఒక్కసారిగా తెల్లగా విచ్చుకునేవి. అటు పక్క వీధిలో శిల్పుల ఉలి దెబ్బలు, ఇటు పక్క మా బియ్యం చప్పుడు. ఈ రెండు చప్పుళ్ల మధ్యే మేము పెరిగాము. ఇప్పటికీ నాకు నిశ్శబ్దంగా ఉన్న చోట నిద్ర పట్టదు.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. నిజానికి పదో తరగతి లెక్కల్లోనే తప్పాను. ఆ తర్వాత అంగడిలో కూర్చుని, పొట్లాలు కట్టడానికి కొన్న పాత పరీక్ష కాగితాల్లో ఇతరులు చేసిన లెక్కలు చూస్తూ, ఎక్కడ తప్పారో వెతుకుతూ నేర్చుకున్నాను. ఎవరి తప్పు ఎక్కడుందో తెలిసినప్పుడు కలిగే సుఖం అంతా ఇంతా కాదు. పందొమ్మిదేళ్లకు బస్తాను చూసి శేర్లు చెప్పేవాణ్ణి, కాగితాల కట్టను బొటనవేలితో జారవిడిచి ఎన్నో చెప్పేవాణ్ణి. ఇంట్లో ఏ సంఖ్య మీద వాదన వచ్చినా, "శీనుగాన్ని అడుగు" అనేవాడు నాయన. నేను చెప్పాక వాదన ఉండేది కాదు.

మా అంగడిలో లెక్కకు అందనిది ఒకటే ఉండేది. మా వైపు శవాన్ని తీసుకుపోయేటప్పుడు ముందు బొరుగులు చల్లుకుంటూ పోతారు. వాటి కోసం వచ్చేవాళ్లు నోరు తెరిచి అడగరు. తువాలు పరిచి నిలబడతారు. అప్పుడు నాయనైనా నేనైనా పక్కకు జరగాలి. జేజి లేచి వచ్చి, శేరు ముట్టుకోకుండా, దోసిళ్లతో తువాలు నింపేది. కాగితం వాడేది కాదు. ధర చెప్పేది కాదు. వచ్చినవాళ్లు తోచినది గల్లా పక్కన పెట్టి వెనక్కి చూడకుండా పోయేవాళ్లు. మామూలు బేరమైతే ప్రతి ఒక్కరికీ "మళ్లీ రా అప్పా" అని చెప్పడం మా అంగడి అలవాటు. వీళ్లకు మాత్రం ఆ మాట అనకూడదు. ఎన్ని దోసిళ్లు పోసిందో నేను మనసులో లెక్కపెడుతుంటే జేజికి ఎలా తెలిసేదో, "పెదాలు ఆడిస్తాండావ్ యాల? నోరు మూసుకో" అనేది.

పద్మ నాకంటే రెండేళ్లు చిన్న. అంగడి నుంచి మాయమైతే శిల్పుల వీధిలో దొరికేది. అందరూ విగ్రహాల ముఖాలు చూస్తే, అది పీఠాల మీద చెక్కే దాతల పేర్లు చూసేది. ఎర్రజాజు రంగుతో గీసిన అక్షరాన్ని ఉలి ఎలా లోపలికి దించుతుందో చూస్తూ గంటలు కూర్చునేది. ఇంటర్ అయ్యాక నంద్యాలలో కమర్షియల్ ఆర్ట్ డిప్లొమాలో చేరతానంది. నాయన మొదట ఒప్పుకోలేదు. "బోర్డులు రాసే పనికి సదువెందుకమ్మా?" అన్నాడు. "బోర్డులు కాదు నాయనా, పెట్టెలు, పొట్లాలు. మనమూ పొట్లాలోళ్లమే గదా" అంది. ఆ మాటకు నాయన నవ్వేశాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే. రెండేళ్లు పొద్దున్నే బస్సెక్కి నంద్యాలకు పోయి, సాయంత్రానికి వేళ్లకు నల్లరంగుతో తిరిగొచ్చేది. ఆ వేళ్లతోనే అన్నం కలుపుకుంటుంటే జేజి తిట్టేది.

చివరి సంవత్సరంలో వాళ్ల సారు ఒక పని ఇచ్చాడు. ఏదైనా ఒక వస్తువుకు పొట్లం చేయాలి. బొమ్మ ఉండకూడదు. రంగు ఒకటే వాడాలి. అక్షరాల ఆకారంతోనే, వాటి మధ్య ఎడంతోనే, మనసులోని భావం తెలియాలి. పొట్లంలో సరుకు నింపి, అతికించి తేవాలి. అది పాసైతేనే డిప్లొమా చేతికొస్తుంది. తోటి పిల్లలు సబ్బులు, టీపొడి, చాక్లెట్లు ఎంచుకున్నారట. పద్మ బొరుగులు ఎంచుకుంది. ఒకటి కాదు, రెండు పొట్లాలు చేస్తానంది. తినడానికి ఒకటి, సాగనంపడానికి ఒకటి. సరుకు ఒకటే, మాట ఒకటే, అక్షరాలే వేరు.

తినే పొట్లం తొందరగా తేలిపోయింది. అందులో బొరుగులు అనే మాట బట్టిలో పేలుతున్నట్టే ఉండేది, ఒక అక్షరం పైకి, ఒకటి కిందికి, గుండ్రని కడుపులతో, తలకట్లు టోపీల్లా ఎగిరిపోతూ. దాన్ని చూసి నాయన కూడా, "నోరూరుతాందమ్మే" అన్నాడు. రెండోది మాత్రం రోజుల తరబడి సాగింది. నేను స్కేలు పట్టుకుని సాయానికి కూర్చున్నాను. అక్షరాల మధ్య ఎడం మొదట నాలుగు గీతలు, తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పన్నెండు పెట్టమన్నాను.

"సమంగా పెరగకూడదన్నా," అంది.

"మరి ఎంత పెట్టాలో చెప్పు. నేను కొలిచిస్తా."

"కొలిస్తే వచ్చేది కాదు. అమ్మను తీస్కపోయిన్నాడు నువ్వు నాయన ఎనకాల నడిచినావే, అడుగులు సమంగా పడినాయా?"

ఆ రోజు నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఆ మాట దానికి చెప్పలేదు. స్కేలు పక్కన పెట్టాను. పద్మ కళ్లు సగం మూసి, కుంచెతో ఆ నాలుగక్షరాలనూ ఒక్క ఊపులో రాసింది. చివరి అక్షరం అంచు దగ్గరికి పోయి నిలబడింది. తర్వాత నేను మెల్లగా కొలిచి చూశాను. ఐదు, పద్నాలుగు, ముప్ఫై ఒకటి. ఏ లెక్కకూ అందని ఎడాలు. కానీ ఒక్క గీత అటూ ఇటూ అయినా అది ఉత్త మాటే అవుతుంది.

జేజికి మాత్రం ఆ పొట్లం నచ్చలేదు. "చావుకు కాగితమేందే? చావుకు పేరు రాస్తారా యాడన్నా?" అంది. "పాసయ్యేదానికి జేజీ, అంగట్లో పెట్టేదానికి కాదు" అని పద్మ గడ్డం పట్టుకుంది. సారు అడిగినవి రకానికి ఐదేసి. పద్మ ఎందుకైనా మంచిదని ఆరేసి చేసింది. మొత్తం పన్నెండు. నేనే అంగడిలో పైపలక మీద సర్దాను. ఎడమవైపు తినేవి ఆరు, కుడివైపు సాగనంపేవి ఆరు.

మరుసటి రోజు సంత. నాయన కోయిలకుంట్లకు పోయాడు. జేజి లోపల వంటలో ఉంది. పద్మ పెరట్లో బియ్యం తిరగేస్తోంది. అంగడిలో నేనొక్కణ్ణే. జనం మీద పడుతున్నారు, అమ్మే పొట్లాల బుట్ట ఖాళీ అయిపోయింది. అప్పుడు ఓబులేసు వచ్చాడు. పక్క పల్లె రైతు, మాకు పాత బేరగాడు. వాళ్ల నాయనకు వారం నుంచి జ్వరం.

"ముసిలాయప్ప బొరుగులు కావాలంటాండాడు శీనా. నాలుగు రోజుల్నుంచి మెతుకు ముట్టలే, ఈపొద్దు నోరు తెరిచి అడిగినాడు. బేగా ఇయ్యి, బస్సు పోతాది."

బస్సు హారన్ కొడుతోంది. నా బుర్ర చకచకా లెక్క వేసింది. సారు అడిగినవి ఐదు, తినేవి ఆరున్నాయి, ఒకటి మిగులు. చెయ్యి పైకి చాపి ఎడమ చివరి పొట్లం అందుకుని ఇచ్చేశాను. కొత్త పొట్లం, ముసలాయన సంబరపడతాడు అని కూడా అనుకున్నాను. "మళ్లీ రా అప్పా" అన్నాను.

ఆ పొద్దున బంక ఇంకా ఆరలేదని, ఎండ పడే వైపుకు పద్మ వరసలు అటువి ఇటు మార్చిందని నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. పొట్లం నా చేతిలో ఉంది. అక్షరాలు నా కళ్ల ముందు ఉన్నాయి. వాటి కోసం అన్ని రోజులు స్కేలు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే. నేను అక్షరాలను చూడలేదు. వరసలో ఎటు చివరిదో చూశాను.

సాయంత్రం పద్మ పొట్లాలను అట్టపెట్టెలో సర్దుతూ పిలిచింది. "అన్నా, తినేవి ఆరుండాయి. సాగనంపేవి ఐదే ఉండాయే?"

అప్పుడు తెలిసింది. ఓబులేసు ఊరు నాలుగు మైళ్లు. సైకిలు ఎక్కితే దీపాలు పెట్టేలోపు పోయి మార్చి ఇచ్చి రావచ్చు. కానీ అలా చేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. నా లెక్క తప్పిందని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నువ్వు చేసిందే ఐదు," అన్నాను.

"ఆరు చేసినట్టుందే."

"నేను గదా సర్దింది. తినేవి ఆరు, ఇవి ఐదు. మొత్తం పదకొండు."

పద్మ తన వేళ్లను చూసుకుంది. ఒక్క క్షణం. "అయితే ఐదేలే" అని పెట్టె మూసింది. తన చేతులతో చేసినదానికంటే నా నోటి సంఖ్యను నమ్మింది.

మూడో రోజు ఓబులేసు వచ్చాడు. భుజం మీద తెల్ల తువాలు. చేతిలో మడతపడిన పొట్లం కాగితం. నాయన అంగట్లోనే ఉన్నాడు.

"శెట్టీ, ఇది మీ పొట్లమేనా?"

నాయన తీసుకుని, మడతలు విప్పి చూశాడు.

"మా యమ్మకు అచ్చరం ముక్క రాదు. దీన్ని చేతికి తీసుకోని అటూ ఇటూ తిప్పింది. 'ఏందిరా ఇది, ఒగదాని ఎనకాల ఒగటి ఎల్లిపోతాండాయి, నాకు బాగలేదు, ఇప్పొద్దు' అనింది. మా నాయన ఇన్లే. బొరుగులే గదా, ఇయ్యండ్రా అన్న్యాడు. నాలుగు నోట్లో ఏసుకున్న్యాడు. తెల్లారేసరికి లేడు." ఓబులేసు గొంతు పెంచలేదు. "జొరం మనిషి, పోయేవాడేనేమో శెట్టీ. నేను కొట్లాడేదానికి రాలే. మా యమ్మ అడగమనింది. బతికుండే మనిషికి సావు పొట్లం ఎట్లిచ్చినారు అని, అంతే."

చదువు రాని మనిషి ఆ నాలుగక్షరాలను చదివింది. పద్మ వాళ్ల సారు అడిగింది అదే. అంతకు మించిన పరీక్ష, అంతకు మించిన మార్కు ఏ కాలేజీలోనూ ఉండదు. ఆ ఆలోచన నాకు అప్పుడే, ఓబులేసు ఇంకా నిలబడి ఉండగానే వచ్చింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు భయం వేస్తుంది.

లోపల్నుంచి జేజి వచ్చి గడప దగ్గర కూలబడింది. "ఎవరిచ్చినారు?" అన్నాడు నాయన. నేను గల్లా సర్దుతున్నట్టు తల దించుకున్నాను. పద్మ వెనక నిలబడి ఉంది. దాని ముఖంలో లెక్క నడుస్తోంది. పలక మీద ఐదే ఉన్నాయని అన్న చెప్పాడు, అన్న లెక్క తప్పదు, మరి ఆరోది పలక మీదికే రాలేదు, తన చేతి నుంచే అమ్మే బుట్టలోకి పోయుంటుంది.

"నేనే నాయనా," అంది. "ఆరోది తెలీక బుట్టలో ఏసింటా."

ఓబులేసు నన్ను చూశాడు. పొట్లం ఇచ్చింది నేనని అతనికి తెలుసు. బుట్టలోంచి తీసిచ్చాననుకున్నాడో, పైనుంచి తీసిన సంగతి ఆ తొందరలో చూడలేదో, ఏమీ అనలేదు. నాయన తువాలు భుజాన వేసుకుని అతని వెంటే ఆ పల్లెకు పోయాడు. తిరిగొచ్చి పొట్లాలన్నీ బట్టిలో వేశాడు. అరవలేదు, కొట్టలేదు. "ఇంగ చాలమ్మా" అన్నాడు. పద్మ సరే నాయనా అంది. మరుసటి సోమవారం నంద్యాల బస్సు మా అంగడి ముందు ఆగి, కాసేపు చూసి, వెళ్లిపోయింది. డిప్లొమా అక్కడితో సరి. చిత్తు కాగితాలు, అభ్యాసానికి రాసినవి ముప్ఫై ఒకటి, నేను రేకుపెట్టెలో పెట్టి దాచాను. ఎందుకు దాచానో అప్పుడు తెలియదు.

ఇప్పుడు ఆ బట్టి లేదు. నాయనా, జేజీ లేరు. జేజిని తీసుకుపోయిననాడు దోసిళ్లతో పోసేవాళ్లు లేక బొరుగులు ప్లాస్టిక్ కవర్లలో వచ్చాయి, కవరు మీద బరువు, ధర, తేదీ అచ్చేసి ఉన్నాయి. నేను నంద్యాలకు వచ్చి అట్టపెట్టెల లెక్కలతో బతుకుతున్నాను. పెట్టెలు చేసేవాళ్లు దూరం నుంచి వచ్చి నన్ను అడిగి పోతారు. పద్మ ఈ ఊళ్లోనే టైలరింగ్ దుకాణం నడుపుతోంది. దాని బోర్డు ఫ్లెక్సీ, ఎవరో కంప్యూటర్లో ఎంచిన అక్షరాలు. పద్మ బొరుగులు తినదు. ఉగ్గాని చేసిన ఇంట్లో కూర్చోదు. దుకాణంలో కొలతల పుస్తకంలో అంకెలు రాస్తుంది గానీ, పేర్లు రాయాల్సి వస్తే పక్కనున్న పిల్లకు ఇస్తుంది.

వాన తర్వాత మూడో నాడు పద్మ, కూతురు హర్షితతో కలిసి గోదాము చూడటానికి వచ్చింది. హర్షిత హైదరాబాదులో ప్యాకేజింగ్ డిజైన్ చదువుతోంది, సెలవులకు వచ్చింది. తాడు మీది కాగితాలను చూసి అక్కడే ఆగిపోయింది.

"మామా, ఇవి ఎవరివి?"

"మీ అమ్మవి."

"అమ్మా! నువ్వా?" మాకు కూడా ఇదే అసైన్‌మెంటు అంది. బొమ్మలు లేకుండా, అక్షరాలతోనే. ఆమె అప్పుడే ఫోనుతో ఫొటో తీసి, ల్యాప్‌టాప్ తెరిచి, ఆ నాలుగక్షరాలనూ మళ్లీ పేర్చడం మొదలుపెట్టింది. ఎడం ఎంత కావాలంటే అంత అంకె కొడుతోంది, అక్షరం జరుగుతోంది. నాకు ముచ్చటేసింది. ఐదు, పద్నాలుగు, ముప్ఫై ఒకటి అని చెప్పబోయి ఆగాను. పద్మ వెనక నిలబడి చూస్తోంది.

"సమంగా ఉండాయి," అంది. కాసేపటికి, "జరుగు" అని చెయ్యి చాపి, ఆ చివరి అక్షరాన్ని వేలితో తెర అంచుకు లాగింది. గోదాము ముందు ఆటోలు పోతూనే ఉన్నాయి, నాకు మాత్రం ఇసుక కాగుతున్న వాసన వచ్చింది.

"ఎందుకు మానేశావమ్మా?" అడిగింది హర్షిత.

"నా చేతి తప్పు ఒకటి జరిగింది. ఒక పెద్దాయన పోయినాడు." పద్మ మామూలుగానే చెప్పింది, చాలాసార్లు లోపల చెప్పుకున్న మాటలా. "ఆరోది యాడికి పోయిందో నాకు గుర్తే లేదు. బుట్టలో ఏసినట్టు కూడా గుర్తు లేదు. అయినా మీ మామ లెక్క తప్పదు గదా, నేనే ఏసింటా."

అప్పుడు నోరు తెరిచాను. పద్మ నా వైపు తిరిగింది. ఆ ముఖంలో అనుమానం అనేది లేదు. ముప్ఫై ఏళ్లుగా నా ఒక్క సంఖ్య మీద నిలబెట్టుకున్న ముఖం. దాన్ని లాగేస్తే ఏం మిగులుతుందో, ఆ ముప్ఫై ఏళ్లు ఎటు పోతాయో నాకు లెక్క తేలలేదు. మంచినీళ్లు కావాలా అని అడిగాను.

హర్షిత ఆ పొట్లాలను అమ్మ పేరుతో మళ్లీ చేస్తానంది, కాలేజీలో పెడతానంది. పద్మ వద్దనలేదు. "అప్పుడు ఎన్ని చేశావమ్మా? సరిగ్గా అన్నే చేస్తా."

"సాగనంపేవి ఐదు."

"అంతేనా మామా?"

నేను తల ఊపాను. హర్షిత ఐదు అని రాసుకుంది. వాళ్లను ఆటో ఎక్కించి వచ్చి, పోయినవాటి కాగితం మళ్లీ ముందు పెట్టుకున్నాను. అట్టలు, పెట్టెలు, బంక, పుస్తకాలు, కాగితాలు, అన్నీ సరిపోయాయి. ఇక్కడ ఇదంతా రాసినంత మాత్రాన చెల్లినట్టు కాదు. అది మా చెల్లెలి ఎదురుగా నిలబడి, నా నోటితో దానికి చెప్పాలి. పెద్ద సంఖ్య కూడా కాదు. ఆరు.